ఎలుగుబంటి వీపు మీద

మా పెద్దనాయిన పోయిన మూడోనాడు పొద్దున, నేను షట్టర్ ఇంకా సగమే లేపి ఉన్నప్పుడు, ఆయన కొడుకు, అంటే మా అన్న, నా ఫోన్‌కు ఒక ఫోటో పంపి దాని కింద నాలుగు ముక్కలు రాశాడు. మచ్చ తీసెయ్, కన్ను తెరువు, కోటు తొడుగు, దినాల నాటికి కావాలె. మనిషిని ఇంత తక్కువ మాటల్లో బాగుచేయడం ఏ దవాఖానలోనూ కుదరదు, మా స్టూడియోలో మాత్రం కుదురుతుంది.

నారాయణఖేడ్ బస్టాండు దగ్గరి గల్లీలో ఉన్న మా దుకాణానికి ఇప్పుడు వచ్చే పని ముఖ్యంగా ఇదే. బతికున్నవాళ్లు తమ ఫోటోలు తామే తీసుకుంటున్నారు, పోయినవాళ్లకే ఇంకా నేను దిక్కు. ఓటరు కార్డు మీద దొంగతనానికి దొరికిపోయినట్టు చూస్తున్న మనిషిని తెచ్చిస్తే, నీలం ఆకాశం ముందర, జన్మలో ఎన్నడూ వేసుకోని కోటులో, నిమ్మళంగా నవ్వుతున్నట్టు నిలబెట్టి ఇస్తాను. కోటు ఒక్కటే, పదేండ్ల నుంచి అదే. మా చుట్టుపక్కల మండలాల్లో పరలోకానికి పోయిన మగవాళ్లంతా ఒకే కోటు తొడుక్కుని పోయారు, అక్కడ వాళ్లు ఒకరినొకరు ఎట్లా గుర్తుపడుతున్నారో దేవుడికే తెలియాలి.

అన్న పంపిన ఫోటో తెరిచి కంప్యూటర్లో పెద్దగా చేసి చూశాను. ఎడమ కనుబొమ్మ దగ్గర మొదలై, మూసుకుపోయిన కంటి మీదుగా, చెంప దాటి గదువ దాకా దిగిన గాటు. ఆ గాటు పెట్టింది ఎలుగుబంటి అని ఊరందరికీ తెలుసు. ఎందుకు పెట్టిందో తెలిసినవాళ్లం ఇద్దరమే, నేనూ మా మేనమామా. మామ పోయి నాలుగేండ్లయింది. ఆయన కూడా ఆ కోటులోనే పోయాడు. కాబట్టి లెక్కకు ఇప్పుడు నేనొక్కణ్నే మిగిలాను, ఆ ఒక్కణ్నే ఆ మచ్చ తీసేయమని అడుగుతున్నారు.

నా ఈడువాళ్లకు ఆ కాలం గుర్తుండే ఉంటుంది. అప్పటికి ఫోన్లు వచ్చాయిగానీ వాటిలో ఫోటోలు ఉడికీ ఉడకనట్టు వచ్చేవి, పెండ్లి ఆల్బమ్ ఇటుకంత మందం ఉంటేనే పెండ్లి అయినట్టు లెక్క. డిగ్రీలో రెండు పేపర్లు నా మీద పగబట్టి ఉన్నందున మామ స్టూడియోలో చేరాను. మామ తీసేవాడు, నేను కంప్యూటర్ ముందర కూర్చుని బాగుచేసేవాణ్ని. వరుడి మొటిమలు, వధువు నుదుటి చెమట, మండపం వెనక బనియన్‌తో నిలబడి బీడీ తాగుతున్న వంటాయన, వధువు భుజం వెనక నుంచి తొంగిచూసే ఎవరిదో చిన్నపిల్ల తల, అన్నీ నా చేతిలో మాయమయ్యేవి. పక్కనున్న చర్మాన్నో చీరనో ముక్క తీసి, వద్దన్న దాని మీద అతికించుకుంటూ పోవడం, అంతే విద్య. “ఉన్నది చూపెట్టనీకె అద్దం ఉన్నది గదరా అల్లుడా, మన తానకొచ్చేది వద్దన్నది తీపిచ్చుకోనీకె” అనేవాడు మామ. దుకాణం బోర్డు మీద రాయించలేదుగానీ మా సిద్ధాంతం అదే. నేను దానిలో మంచి పేరు తెచ్చుకున్నాను. నేను సాఫు చేసిన తర్వాత సొంత తల్లే పెండ్లికూతుర్ని గుర్తుపట్టలేదని ఒకామె మెచ్చుకుంది కూడా.

పెద్దనాయినది నాగల్‌గిద్ద దాటి, ఇంకొంచెం పోతే కర్ణాటక అనే చోట ఒక చిన్న ఊరు. గుట్ట కింద యాసంగి జొన్న, పక్కన కంది, పొద్దంతా పిట్టలను కొట్టడానికి ఒక మంచె. వ్యవసాయం ఆయన వృత్తి, కథలు చెప్పడం ఆయన పని. ఒకసారి కొబ్బరికాయలంత రాళ్లవాన పడిందన్నాడు. ఒక తోడేలు అంగడి నుంచి ఇంటి దాకా తనతోపాటు నడిచొచ్చి, వాకిట్లో ఆగి, లోపలికి రమ్మంటే మొహమాటపడి పోయిందన్నాడు. ఊళ్లో ఎవరూ నమ్మేవాళ్లు కారు, ఎవరూ మధ్యలో లేచి వెళ్లేవాళ్లూ కారు. నా పని మధ్యలో సూది గుచ్చడం. కొబ్బరికాయలంత రాళ్లు పడ్డాయన్న రోజున “చట్నీ ఏమన్న నూరుకున్నరా పెద్దనాయినా?” అని అడిగితే అందరికంటే ఎక్కువ నవ్వింది ఆయనే. “నేను బుగ్గ ఊదుడు, గీడు సూది గుచ్చుడు. ఇద్దర్ల ఒక్కడు లేకున్నా ఊరికి పొద్దెట్ల పోతది?” అన్నాడు. బుగ్గంటే మా దిక్కు బెలూను. పొగడ్త అనుకున్నాను. ఇప్పటికీ అది పొగడ్తే, నాకు దాన్ని తీసుకునే మొహమే లేదు.

శివరాత్రికి ఇంకా వారం పదిరోజులు ఉందనగా, ఒకనాడు మధ్యాహ్నం ఆయన దుమ్ముకొట్టుకుపోయి స్టూడియోకు వచ్చి, పాస్‌పోర్టు ఫోటోలకు కూర్చోబెట్టే స్టూలు మీద కూర్చున్నాడు. గుట్ట మీది నుంచి పొద్దుగాల గుడ్డేలుగు దిగుతున్నదన్నాడు. మా దిక్కు ఎలుగుబంటిని అట్లనే అంటారు, సరిహద్దు అవతలివాళ్లు కరడి అంటారు, ఏ పేరుతో పిలిచినా వినిపించుకునే రకం కాదు. రేగుపండ్లకూ చెదపుట్టలకూ వస్తున్నదట. “ఒక్కతే కాదు రా, వీపు మీద పిల్లను ఎక్కిచ్చుకొని వస్తున్నది. పిల్ల బొచ్చు పట్టుకొని కూసుంటున్నది, అంగడికి పోతున్నట్టు” అన్నాడు.

మామ నవ్వాడు. నేను ఊరుకుంటే బాగుండదు కదా. “పిల్లకు అర టికెట్ తీసుకున్నదా?” అన్నాను.

ఆ రోజు ఆయన నవ్వలేదు. అది నాకు అప్పుడే తట్టాల్సింది. “ఊర్ల ఒక్కడు నమ్ముతలేడు రా. పిల్లతల్లి జోలికి పోవద్దు, గుట్ట దిక్కు పశువులను తోలద్దు, అది పిల్లను దింపి నడిపిచ్చేదాక ఆగుండ్రి అని చెప్పి చెప్పి నోరు పోతున్నది. నవ్వుతున్నరు. తోడేలు కథ చెప్పినోడే గదా అంటున్నరు. ఎవలన్న దొరికితే చీరి పెడతది. నువ్వొక్క ఫోటో తియ్యి, ఫోటో ఉంటె నమ్ముతరు.”

పెండ్లిళ్ల రెండో కెమెరా మెడలో వేసుకుని సాయంత్రం బస్సెక్కాను. నాగల్‌గిద్ద నుంచి ఆటో, ఆటో ఆగిన తర్వాత కాళ్లు. మర్నాడు వేకువ ఇంకా పూర్తిగా తెల్లారకముందే ఇద్దరం మంచె మీద ఉన్నాం. మామ మూడు కాళ్ల స్టాండు పెండ్లికి తీసుకుపోయాడు కాబట్టి పెద్దనాయిన తన గొంగడి మడిచి కెమెరా కింద పెట్టాడు. ఫ్లాష్ కొట్టొద్దన్నాడు. ఫ్లాష్ లేకుండా ఫోటో ఏందని నా వృత్తిధర్మం కొంచెంసేపు బాధపడింది. జొన్న కంకుల మీద మంచు, అవతల ఎక్కడో మేకల గంటలు, చలికి నా పండ్లు టకటక కొట్టుకుంటున్నాయి, ఆ చప్పుడుకే అది రాదేమోనని ఆయన తన తువ్వాలు తీసి నా నోటికి చుట్టాడు. నా నోరు మూయించిన మనిషి నా జీవితంలో ఆయనొక్కడే, అదీ ఆ ఒక్కసారే.

అది వచ్చింది. ముందు చప్పుడు వచ్చింది, సైకిల్ పంపుతో గాలి కొట్టినట్టు, పుట్టలోంచి చెదలను పీలుస్తున్న చప్పుడు. తర్వాత రేగుచెట్ల నడుమ చీకటి కొంచెం కదిలింది, ఆ కదిలిన చీకటే ఎలుగు. గదువ లేపు, జెర నవ్వు అని చెప్పడానికి వీల్లేని మొదటి గిరాకీ అది. పక్క నుంచి పెద్దనాయిన చెవిలో “కనబడుతున్నదా? వీపు మీద. మెడ తాన ముడుచుకొని కూసున్నది చూడు” అంటున్నాడు. నేను కెమెరా కంటిలోంచి చూస్తున్నాను, దానిలో నలుపు మీద నలుపు తప్ప ఏమీ లేదు. ఆయన కండ్లలో అప్పటికే పొర మొదలైందని దవాఖానలో చెప్పారు. పొర ఉన్న కంటికి కనబడింది, కొత్త లెన్సుకు కనబడలేదు. తువ్వాలు చుట్టి ఉంది కాబట్టి జోకు వేయలేకపోయాను, తల మాత్రం ఊపాను. ఒక నాలుగైదు తీశాను, ఒక్కటి పనికొచ్చేట్టు ఉంది.

తిరిగొచ్చి సగం రోజు ఆ ఒక్కదాని మీద కూర్చున్నాను. ఇంత పని ఏ పెండ్లికూతురికీ చేయలేదు. వెలుతురు పెంచితే బొమ్మంతా రవ్వ పోసినట్టు గింజలు లేచాయి, వాటిని నునుపు చేశాను. నునుపు చేస్తే బొచ్చు దువ్వినట్టయింది, బాగానే ఉందనుకున్నాను. మూతి తెల్లగా చేశాను. కండ్లలో మెరుపు లేదు, మెరుపు లేకపోతే ఫోటో చచ్చిపోయినట్టుంటుందని మామ నేర్పిన పాఠం, కాబట్టి కిందటి వారం పెండ్లి చేసిన అమ్మాయి కండ్లలోంచి రెండు తెల్లచుక్కలు తెచ్చి ఎలుగు కండ్లలో పెట్టాను. ఇక వీపు. వీపు గీత సాఫుగా లేదు. మెడ వెనక ఒక బొడిపె, దాని మీద రెండు మొనలు. వెనకనున్న రేగుకంప ఇందులోకి పొడుచుకొచ్చిందనుకున్నాను, పక్కనున్న బొచ్చు ముక్క తీసి దాని మీద అతికించుకుంటూ పోయాను. పది నిమిషాల పని. వెనక నిలబడ్డ మామ “హా, గిప్పుడు సాఫైంది” అన్నాడు.

అప్పుడు పెద్దనాయిన చెప్పిన మాట గుర్తుకు రాలేదా అని మీరు అడగొచ్చు. వచ్చింది. దాన్ని కొబ్బరికాయల పక్కన పెట్టాను.

ఫోటోను దుకాణంలో ఉన్న అన్నిటికంటే పెద్ద సైజులో కొట్టించి లామినేషన్ చేయించాం. తీసుకుపోవడానికి వచ్చిన పెద్దనాయిన దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని చాలాసేపు చూశాడు. ఆయన మొహంలో సంతోషం ఎక్కడం చూశాను, తర్వాత అది మధ్యలో ఆగడం చూశాను. “పిల్లేది రా?” అన్నాడు.

“పిల్ల గాదు పెద్దనాయినా, వెనుక రేగుకంప. అడ్డమున్నదని సాఫ్ చేసిన.”

ఆయన అద్దాలు తీసి లుంగీకి తుడుచుకుని మళ్లీ పెట్టుకుని చూశాడు. “గట్లనా. నాకైతె పిల్ల లెక్కనే కనబడ్డది” అన్నాడు. మళ్లీ తానే, “పొర వచ్చింది గదా” అన్నాడు. ఫోటోను గోనెసంచిలో చుట్టుకుని, బస్సులో ఒళ్లో పెట్టుకుని పోయాడు.

ఊళ్లో చాయ్ హోటల్ గోడకు దాన్ని తగిలించారు. రెండు రోజులు పెద్దనాయినకు చాయ్ ఉత్తగనే పోశారు, ఎలుగు నిజమే కాబట్టి. పిల్ల మాటకు మాత్రం నవ్వారు. “పిల్ల ఏదే? బడికి పోయిందా?” అని ఒకరంటే, “తోడేలు ఇంట్ల దింపి వచ్చింది” అని ఇంకొకరు. సంగతి తెలిసి అటవీశాఖ మనిషి ఒకాయన వచ్చాడు. పని తెలిసినవాడే, మొట్టమొదట అడిగింది పిల్ల సంగతే. పిల్ల ఉంటే ఎవరూ గుట్ట వైపు అడుగుపెట్టొద్దన్నాడు. అందరూ గోడ వైపు చూపించారు. ఆయన పెద్దనాయిన వైపు తిరిగి, చూసింది నువ్వు కదా, నువ్వేమంటవు అని అడిగాడట. ఆ ఒక్క ప్రశ్న అడిగిన మనిషి ఊరు మొత్తం మీద ఆయనొక్కడే. పెద్దనాయిన గోడ మీది ఫోటో చూసి, “ఒక్కటే ఉన్నది సార్. ఫోటోల ఉన్నది గదా” అన్నాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చెప్పిన కథను ఆయన వెనక్కి తీసుకోవడం అదే మొదటిసారి. ఒంటరిదైతే దానంతట అదే పోతుంది, జోలికి మాత్రం పోకండి అని గట్టిగా చెప్పి ఆ మనిషి వెళ్లిపోయాడు.

పోరగాళ్లు ఊరుకుంటారా. మూడోనాడు పొద్దున డబ్బాలు కొట్టుకుంటూ, పటాకులు పేల్చుకుంటూ గుట్టెక్కారు. ఆ తమాషా తీద్దామని ముందునాడే ఊరికి వచ్చిన నేనూ కెమెరాతో పోయాను, బుద్ధిలేనితనానికి సాక్ష్యం ఉండాలి కదా. ఎలుగు బండల మీదుగా దుంకి, అవతలి కన్నడపోళ్ల గుట్టల్లోకి పారిపోయింది. వీపు ఖాళీగా ఉంది, నేను నా కండ్లతో చూశాను. చూశారా, నా ఫోటో ఎంత నిజమో అనుకున్నాను.

ఆ సాయంత్రం హోటల్ ముందర అందరం కూర్చుని ఉంటే, చేను నుంచి వచ్చిన పెద్దనాయిన నా పక్కన కూర్చుని మెల్లగా, “బండల్ల ఏదో ఏడుస్తున్నది రా. చిన్నగ. పిల్ల లెక్కున్నది” అన్నాడు. అందరికీ వినపడాలని కాదు, నాకొక్కడికే చెప్పాడు. నేను మాత్రం అందరికీ వినపడేట్టు జవాబిచ్చాను. “మేకపిల్లేమో చూడు పెద్దనాయినా. ఎలుగుపిల్ల అని మల్ల నన్ను పిలువకు, నాకు పెండ్లిళ్లున్నయి” అన్నాను. హోటలంతా గొల్లుమన్నది. ఆయన కూడా నవ్వాడు. “అవ్, మేకపిల్లే కావొచ్చు. మందల్నుంచి తప్పిపోయినట్టున్నది పాపం” అన్నాడు.

తెల్లారి నేను మొదటి ఆటోకు నాగల్‌గిద్ద, అక్కడి నుంచి బస్సులో ఖేడుకు వచ్చేశాను. నేను బస్సులో కునుకు తీస్తున్న వేళకు ఆయన తప్పిపోయిన మేకపిల్లను తీసుకురావడానికి బండల్లోకి పోయాడు. దొరికినప్పుడు ఆయన చేతిలో ఒక తాడు ముక్క, మేకపిల్లకు ఆశ చూపడానికి తుంచుకున్న నాలుగు ఆకుల కొమ్మ ఉన్నాయట. పిల్ల కోసం తల్లి వేకువనే తిరిగొచ్చి ఉంది. బండలకూ తల్లికీ నడుమ ఈయన. ఆనాటి నుంచి ఆ బండల్లో ఏడుపు వినపడలేదట. అంత గడబిడలో పిల్లను ఎక్కించుకుని, పని పూర్తి చేసుకుని పోయింది అదొక్కతే.

ఖేడు దవాఖాన నుంచి హైదరాబాదుకు తీసుకుపోయారు. ఎడమ కన్ను పోయింది. నేను చూడటానికి పోయేసరికి తలంతా కట్టు, ఒక కన్నూ నోరూ మాత్రమే బయట ఉన్నాయి. నన్ను చూసి ఆ నోటితో అన్నాడు, “నీ ఫోటో మంచిగొచ్చింది రా. దగ్గర్నుంచి చూసిన గదా, అచ్చం గట్లనే ఉన్నది. కండ్లల్ల మెరుపు మాత్రం లేకుండె.”

జీవితంలో నాకు జవాబు దొరకని జోకు అదొక్కటే. ఇంకా దొరకలేదు.

నాకు సంగతి తెలిసింది ఆ తర్వాతి వారం. కార్డులో జాగా లేదని పాత ఫోటోలు తీసేస్తూ, ముట్టుకోని అసలు ఫోటో కనబడితే, ఎందుకో నీడలను మాత్రం కొంచెం పైకి లేపి చూశాను. రేగుకంపకు చెవులు ఉండవు. రెండు చెవులు, వాటి కింద నలుసంత మూతి, తల్లి మెడ బొచ్చును పిడికిట పట్టుకున్న ఒక చేయి, ఆ చేతికి గోర్లు. నేను మామను పిలిచాను. మామ చూసి, షట్టర్ సగం దించాడు. “చెప్తె పోయిన కన్నొస్తదా అల్లుడా?” అన్నాడు. రాదు. ఆ రాదు అన్న మాట వెనక నేను పదేండ్లు దాక్కున్నాను. దాక్కోవడానికి చిన్న మాటే, నేనూ పెద్ద మనిషినేం కాదు కదా, సరిపోయింది.

కన్ను పోవడంతో అయిపోలేదు, అది చెప్పడానికే ఇదంతా. దవాఖాన నుంచి వచ్చిన పెద్దనాయిన కథలు మానేశాడు. మిగిలిన కంటికి పొర తీయించారు, చూపు బాగానే వచ్చింది. అయినా వాన మబ్బు పట్టిందని చెప్పాలన్నా, ఫలానా వాళ్ల బర్రె చేన్లో పడిందని చెప్పాలన్నా, చివర్న ఒక తోక చేర్చేవాడు. “నాకైతె గట్ల కనబడ్డది, నిజమో కాదో మీరే చూసుకోండ్రి.” ఒకప్పుడు తోడేలును ఇంటికి పిలిచిన మనిషి, తన బర్రెను తానే గుర్తుపట్టి కూడా పెద్దమ్మను పిలిచి, “గిది మనదేనా?” అని అడిగేవాడు. ఊళ్లోవాళ్లు వయసు మీద పడిందన్నారు. నేను పోయినప్పుడల్లా ఆ చెవుల ఫోటో సంచిలో పెట్టుకుని పోయేవాణ్ని, వాకిట్లో ఆయన కనబడగానే ఏదో ఒక జోకు వేసేవాణ్ని, ఆయన నవ్వేవాడు, సంచి విప్పకుండా తిరిగొచ్చేవాణ్ని. సూది నా దగ్గరే ఉంది, ఊదేవాడు మాత్రం మానుకున్నాడు.

ఇక అన్న పంపిన ఫోటో సంగతి. అదే కంప్యూటర్ కాదుగానీ అదే కుర్చీ. గదువ దగ్గర మొదలుపెట్టాను, పక్కన చర్మం ముక్క తీసి గాటు మీద పెట్టాను, గాటు కొంచెం పోయింది. చెంప దాకా వచ్చాను, చెంప నునుపైంది. చేయి దానంతట అదే పనిచేస్తుంది, నన్ను అడగదు. కంటి దగ్గరికి వచ్చేసరికి ఆగింది. ఇక్కడ నేను చేస్తున్నది రెండోసారి అదే పని, అదే మనిషికి. చేసిందంతా వెనక్కి తిప్పేసి, మచ్చను మచ్చలాగే ఉంచి, కోటు కూడా లేకుండా, ఆయన తెల్ల అంగీలోనే ఫోటో కొట్టించాను. దానితోపాటు అసలు ఎలుగు ఫోటోను, నీడలు మాత్రం లేపి, ఇంకేమీ ముట్టుకోకుండా అదే సైజులో కొట్టించాను.

దినాల నాడు టెంటు కింద అందరూ కూర్చుని ఉన్నారు. మొదటి ఫోటో విప్పగానే అన్న మొహం మాడిపోయింది. “ఏందిరా గిది? మచ్చ గట్లనే పెట్టినవ్? గింత పని రాకపోతె దుకాణమెందుకు తెరిచినవ్?”

“గా మచ్చ పెట్టింది నేనే అన్నా” అన్నాను. ఇట్లాంటి మాట ఇంకొకడు అంటే పడీపడీ నవ్వేవాణ్ని. ఎవరూ నవ్వలేదు, ఎవరికీ అర్థం కూడా కాలేదు. రెండో ఫోటో విప్పి, రేగుకంప సంగతి, పది నిమిషాల పని, మేకపిల్ల మాట, దాచిన పదేండ్లు, అన్నీ చెప్పాను. నేను జోకు లేకుండా అంతసేపు మాట్లాడటం వాళ్లెప్పుడూ వినలేదు. అన్న లేచి టెంటు అవతలికి పోయాడు. పెద్దమనిషొకాయన ఫోటో చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, “నల్లగున్నది, ఏం కానొస్తలేదు. జెర ఎడిటింగ్ చేయకపోతివా?” అన్నాడు.

పెద్దమ్మ దాన్ని ఆయన చేతిలోంచి తీసుకుని ఎండలోకి పోయింది. ఇంటి గడప దగ్గర నిలబడి, వెలుతురు పడేట్టు వంచి చూసింది. వేలితో వీపు గీత మీద మెల్లగా పోయి ఒకచోట ఆగింది.

“చెవులు” అన్నది. “ఉన్నదన్నడు. ఉన్నది.” వేలు అక్కడే ఉంచి, “నేను గూడ నవ్విన” అన్నది. ఆ తర్వాత నా వైపు తిరిగి, కోపం లేకుండానే, “పోయిన నెల తెచ్చినా సరిపోతుండె గదరా” అన్నది.

అంతే. రెండు ఫోటోలనూ పక్కపక్కన పీట మీద పెట్టింది. దండ ఒక్కటే ఉంది, ఆయనకు వేసింది. “అన్నం తిని పో” అన్నది. క్షమించిందా అని అడగకండి, దినాలకు వచ్చినవాళ్లందరికీ చెప్పే మాటే అది. తిన్నాను. అన్న ఇప్పటిదాకా ఫోన్ ఎత్తడం లేదు.

ఆ గుట్ట ఇప్పుడు సగమే ఉంది, మిగతా సగం కంకరై రోడ్ల మీద పడింది. ఎలుగులు అటువైపు రావడం మానేశాయి, రావడానికి ఏముందని. నేను సగం రోజు కూర్చుని చేసిన పని ఇప్పుడు బడిపిల్లలు ఫోన్ మీద వేలితో గీస్తే అయిపోతుంది, వద్దన్నది దానంతట అదే చెరిగిపోయి, వెనక ఆకాశం కూడా అదే పుట్టిస్తుంది. అందుకేనేమో ఇప్పుడు ఫోటోను ఎవరూ నమ్మడం లేదు. ఏది చూపించినా కంప్యూటర్లో చేసిందే అంటారు. అప్పట్లో మనిషి కండ్లకంటే గోడ మీది ఫోటోకు ఎక్కువ మర్యాద ఉండేది. ఈ ఏడైతే ఆ చాయ్ హోటల్ వాళ్లు నా ఫోటోను అవతల పారేసి, నువ్వు చూసింది చెప్పు పెద్దమనిషీ అని ఆయన్నే అడిగేవాళ్లేమో. అనుకోవడానికి బాగుంటుంది. వాళ్లు ఆయన్ను కూడా నమ్మేవాళ్లు కాదని నాకు తెలుసు.

మొన్న సిర్గాపూర్ దిక్కు రాళ్లవాన పడింది. పాస్‌పోర్టు ఫోటోకు వచ్చిన ఒకాయన అదే స్టూలు మీద కూర్చుని, నిమ్మకాయలంత రాళ్లు అని ఫోన్లో వీడియో చూపించాడు. దుకాణంలో ఉన్న ఇద్దరూ చూసి, ఇదంతా ఉత్తదే అన్నారు. నేను దగ్గరికి పోయి, “కొబ్బరికాయంతవి ఏమన్న పడ్డయా?” అని అడిగాను. ఆయన నేను జోకు వేశాననుకుని నవ్వాడు. నేను నిజంగానే అడిగాను.